పొగగొట్టము, పెట్రోలు, మా మేనల్లుడు

హైదరాబాదున ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు గత వారము ఫోను చేసి, కుశలప్రశ్నలైనను ముగియకమునుపే, "మామయ్యా, క్యాట్ పీకేసి పెద్ద డౌన్‌పైప్ వేయిస్తే కారు ఇంకా బాగా లాగుతుందంటున్నారు. వేయించమంటావా?" అని యడిగినప్పుడు నాకు కలిగిన కోపము ఫోను పెట్టివేసిన పిమ్మట కూడ చాలసేపు చల్లారలేదు. వానిది లీటరు సామర్థ్యముగల మూడు సిలిండర్ల టర్బో పెట్రోలు కారు. వారంటీ గడువైనను ఇంకను తీరలేదు. ఈ శీర్షికను క్రమముగా చదువువారికి నా పట్టుదలలు క్రొత్తవి కావు. టైరులో గాలిని, ఇంజనులో ఆయిలును సరిగా చూచుకొనలేనివాడు బండికి మరియొక సొగసు చేయబూనరాదని ఎన్నిమారులో వ్రాసియుంటిని. కంపెనీ బిగించినదానిని విప్పుటకు ముందు అది అచ్చట ఏల నున్నదో తెలిసికొనవలెననునది నా మూడవ పట్టుదల. కనుక మేనల్లునకు సమాధానము ఈ వారము ఇచ్చటనే వ్రాయ సంకల్పించితిని.

ఇంజనులో కాలిన యింధనపు శక్తిలో ఇంచుమించు మూడవ వంతు వేడిమియై పొగగొట్టము వెంబడి పోవుచుండగా, ఆ పోవు వాయువుచేతనే యొక చిన్న చక్రమును త్రిప్పించి, అదే యిరుసుపై రెండవ కొనయందున్న మరియొక చక్రముచేత బయటి గాలిని ఒత్తి సిలిండరులోనికి పంపవచ్చునని స్విట్జర్లాండు దేశీయుడగు ఆల్ఫ్రెడ్ బ్యుఖీ 1905 లోనే పేటెంటు పొందెను. కట్టెలపొయ్యి ముందటి ఊదుగొట్టము వంటిదీ సాధనము. ఊదునది మాత్రము ఆ పొయ్యి పొగయే. నేటి చిన్న కార్లలో ఆ చక్రము నిమిషమునకు లక్ష చుట్లను దాటి తిరుగును. దానిని తాకు వాయువు 900 డిగ్రీలకు పైబడిన వేడితో వచ్చును. అట్లు వచ్చి, చక్రమును త్రిప్పి, వెలువడిన వాయువును క్రిందికి దింపు గొట్టమే డౌన్‌పైపు. దాని మొదటనే, వేడి చల్లారకుండునట్లు టర్బోకు మిక్కిలి చేరువగా, క్యాటలిటిక్ కన్వర్టరును అమర్తురు. సన్నని రంధ్రములుగల పింగాణీ దిమ్మెపై ప్లాటినము, పల్లేడియము, రోడియము పూసిన ఆ సాధనము కార్బన్ మోనాక్సైడును, కాలక మిగిలిన హైడ్రోకార్బనులను, నైట్రోజన్ ఆక్సైడులను ఏకకాలమున నిరపాయములుగా మార్చును. కాని దానికి రెండు నిర్బంధములు గలవు: తాను 250, 300 డిగ్రీలకు వేడెక్కవలెను, ఒక పాలు పెట్రోలునకు గాలి 14.7 పాళ్ళకు అటునిటు కాకుండ అందవలెను. ఈ రెండవదానిని కాపాడుటకు లాంబ్డా సెన్సరును తోడుచేసి, కాలిఫోర్నియాలో అమ్ము కార్లకు మొదట అమర్చినది స్వీడను దేశపు వోల్వో. అది 1976 నాటి మాట.

ఇచ్చట నాకు విజయవాడ ఆటోనగరు జ్ఞప్తికి వచ్చుచున్నది. సెలవుదినములలో నేను పోయి కూర్చుండెడి షెడ్డొకటి యచట నుండెడిది. దాని యజమానియైన వృద్ధ మేస్త్రీకి చదువు స్వల్పమేయైనను, ఇంజను రోగమును కనిపెట్టుటలో ఆ వీధిలో ఆయనకు సాటివచ్చువారు లేరు. బండి వచ్చిన తోడనే బోనెటు తెరువక, వెనుకకు పోయి, సైలెన్సరు కొనయందు వ్రేలు పెట్టి త్రిప్పి, ఆ వ్రేలిని ఎండలో పరికించెడివాడు. పొడిపొడిగా నల్లని మసి యంటినచో పెట్రోలు అధికముగా పోవుచున్నదనియు, జిడ్డుగా నంటినచో రింగులరిగి ఆయిలు కాలుచున్నదనియు, బూడిదవన్నె కనబడినచో ఆ బండి జోలికి పోనక్కరలేదనియు ఆయన నిర్ణయము. ప్లగ్గు విప్పి చూచిన పిమ్మట ఆ నిర్ణయము మార్చుకొనగా నేనెన్నడు చూడలేదు. ఆయన మెచ్చుకొను ఆ బూడిదవన్నె ఆనాటి పెట్రోలులోని సీసము వలన వచ్చినది.

1995 ఏప్రిలు నుండి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములలో అమ్ము క్రొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరు ఉండితీరవలెనను నియమము వచ్చినది. మద్రాసున కొన్న కార్లు బదిలీలపై వచ్చు ఉద్యోగుల వెంబడి మా యూరు చేరుచుండెడివి. మా బంకులలో వానికి పోసినదేమో సీసము కలిసిన పెట్రోలు. సీసము ఆ యమూల్యలోహముల ఉపరితలమును కప్పివేసి వానిని నిర్జీవము చేయును. కన్వర్టరు క్రమక్రమముగా పూడుకొనిపోవును. బండి యెక్కుడునందు లాగుట లేదని యజమాని మొరపెట్టుకొనగా మేస్త్రీ ఆ డబ్బాను సుత్తితో తట్టి విని, "లోపలంతా పూడిపోయిందండి. దీనికి ఊపిరాడట్లేదు. తీసేస్తే ఫ్రీగా పోద్ది" అని చెప్పి, ఉలితో లోపలి దిమ్మెను పొడిచి, ముక్కలను షెడ్డు వెనుక గుమ్మరించి, గుల్ల డబ్బాను మరల బిగించెడివాడు. ఆ ముక్కలపై నున్న ప్లాటినము వాననీటిలో కలిసి కాలువపాలయ్యెను. ఆయన చేసిన పని గాలికి చేటే. అయినను ఆయనను నేను నిందింపజాలను. నేరము బంకులో జరిగినది. శిక్ష గొట్టమునకు పడినది.

అసలు పెట్రోలులో సీసము ఏల కలిసినది? సిలిండరులో నిప్పురవ్వ పుట్టించిన జ్వాల సక్రమముగా వ్యాపింపకమునుపే, మూలలనున్న మిశ్రమము ఒత్తిడికిని వేడికిని తాళలేక తనంతట తానే భగ్గుమనుటను మెకానిక్కులు నాకింగందురు. దాని నడచుటకు టెట్రాఇథైల్ లెడ్ పనికివచ్చునని 1921 లో జనరల్ మోటార్స్ పరిశోధకుడగు థామస్ మిడ్గ్‌లీ కనుగొనెను. ఆల్కహాలు కూడ ఆ పని చేయునని ఆనాటివారికి తెలియకపోలేదు. కాని స్వల్పముగా కలిపిన చాలునను సౌలభ్యము సీసమునకే దక్కెను. తరువాత 1950 దశకమున ఫ్రాన్సులో పుట్టి అమెరికాలో స్థిరపడిన యూజీన్ హూడ్రీ కార్లకు కన్వర్టరును రూపొందించినను, సీసపు పెట్రోలు దానిని చంపివేయుటచే ఆ దేశపు కార్లలోనికి అది 1975 నమూనాలతో గాని రాలేదు. మన దేశమున సీసము పూర్తిగా తొలగినది 2000 ఫిబ్రవరిలో. పెట్రోలులో ఏమి కలుపవలెనని యెవరో చేసిన నిర్ణయము, గొట్టమున ఏమి యుండవచ్చునో యర్ధశతాబ్దికి పైగా శాసించినది. ఆటోనగరును ఇంతదూరము వర్ణించుటకు కారణ మిదియే. మా మేనల్లుని ప్రశ్న కూడ గొట్టమును గూర్చినదైనను, దాని మూలము బంకులోనే యున్నది.

వాని వాదము పొరపాటుదని కొట్టివేయుటకు వీలులేదని విచారించినకొలది నాకు తోచుచున్నది. టర్బో లేని ఇంజనులో గొట్టపు వ్యాసమును పొడవును ఆచితూచి యమర్చినగాని సిలిండరులోని పొగ చక్కగా ఈడ్వబడదు. అచ్చట గొట్టమును ఊరక పెద్దది చేసిన లాభముండదు. టర్బో చక్రము దాటిన తరువాత ఆ సూక్ష్మములేవియు లేవు. చక్రమునకు ముందటి ఒత్తిడికిని వెనుకటి ఒత్తిడికిని గల భేదమే దానిని త్రిప్పు శక్తి గనుక, వెనుక ఎంత తెరపిగా నున్న అంత మేలు. వెనుక బిగుతుగా నున్నచో ముందు ఒత్తిడి పెరిగి, కాలిన వేడివాయువు కొంత సిలిండరులోనే చిక్కుకొని, క్రొత్త మిశ్రమమును మరింత వేడిచేసి నాకింగునకు దారితీయును. అందుచే మంచి డౌన్‌పైపు వలన ఇంజను సుఖపడుననుట సత్యము. "ఊపిరాడట్లేదు" అన్న మేస్త్రీ మాటలో శాస్త్రము లేకపోలేదు.

కాని నాకింగు సూచన కనబడిన తోడనే నేటి ఇంజనులోని కంప్యూటరు ఏమి చేయును? నిప్పురవ్వను ఆలస్యము చేయును. ఆలస్యముగా కాలిన మిశ్రమము తన వేడిని పిస్టనుపై వెచ్చింపక గొట్టములోనికి మోసికొనిపోవును. టర్బోచక్రమును కన్వర్టరును ఆ వేడినుండి కాచుటకై కంప్యూటరు అవసరమునకు మించిన పెట్రోలును చిమ్మి వాయువును చల్లార్చును. ఆ క్షణమున కార్బన్ మోనాక్సైడు విపరీతముగా పెరుగును; 14.7 పాళ్ళ నిష్పత్తి తప్పుటచే కన్వర్టరు కూడ దానిని మార్పజాలదు. బి.ఎస్-6 నియమము ప్రకారము పెట్రోలు కారు కిలోమీటరునకు 1 గ్రాము కార్బన్ మోనాక్సైడును మాత్రమే వదలవచ్చును. ఏ మార్పును చేయని కంపెనీ కారు సైతము, ఆక్టేను, అనగా నాకింగును ఓర్చుకొను శక్తి, తక్కువైన పెట్రోలు త్రాగి యెండలో ఘాటురోడ్డు నెక్కునప్పుడు ఆ నియమస్ఫూర్తికి ఎంతయో దూరమున నుండును. మన పొల్యూషను పరీక్ష దీనిని చూడనే చూడదు. బండి నిలిచియుండగా, ఇంజనుపై భారమేమియు లేనప్పుడు గొట్టములో కడ్డీ పెట్టి, కార్బన్ మోనాక్సైడు 0.3 శాతమునకు లోబడియున్నదని కాగితమిత్తురు.

ఈ దృష్టితో చూచినప్పుడు, ఈ మధ్య పాఠకులు నాకు వ్రాయు ఉత్తరములలో తరచుగా నిందకు గురియగుచున్న ఈ-20 పెట్రోలును గూర్చి నేను వేరొక మాట చెప్పవలసియున్నది. నూటికి ఇరువది పాళ్ళు ఇథనాలు గల ఆ పెట్రోలునకు ఆక్టేను 95కు తగ్గరాదని భారతీయ ప్రమాణము. పూర్వపు సాధారణ పెట్రోలునకు 91 మాత్రమే. పైగా ఇథనాలు ఆవిరియగునప్పుడు పెట్రోలుకంటె రెట్టింపునకు మించిన వేడిని పీల్చుకొని మిశ్రమమును చల్లబరచును. టర్బో ఇంజను కోరునది సరిగా ఈ రెండు గుణములే. సాబ్ సంస్థ 2005 లో తెచ్చిన 9-5 బయోపవర్ కారు పెట్రోలుపై 150 హార్సుపవరును, నూటికి 85 పాళ్ళు ఇథనాలు గల ఈ-85 పై 180 హార్సుపవరును ఇచ్చినది. ఇంజను ఒకటే, టర్బో ఒకటే. ఇథనాలున లీటరునకు శక్తి పెట్రోలుకంటె మూడవ వంతు తక్కువ గనుక ఈ-20 తో మైలేజీ నూటికి ఆరేడు పాళ్ళు తగ్గవచ్చుననుట నిజము. దానికై నిర్మింపబడని పాత బండ్లలో రబ్బరు గొట్టములు, సీళ్ళు చెడవచ్చుననుటయు, నిలువయుంచిన బండిలో అది తేమను పీల్చుననుటయు నిజమే. ఆ బండ్ల యజమానుల బాధ న్యాయమైనది. ఈ-20 కొరకే నిర్మింపబడిన టర్బో కారుగలవాడు మాత్రము దానిని తిట్టుటకు ముందు ఆలోచింపవలెను. సీసమునకు ఓడిన ఆల్కహాలు నూరేండ్ల తరువాత తిరిగివచ్చి, కన్వర్టరును చంపక ఆ పనినే చేయుచున్నది.

ఇక మా మేనల్లుడు అడిగినదానిలో నేను క్షమింపలేనిది కన్వర్టరును పూర్తిగా తొలగించుట. బండి నడిపిన మొదటి ఒకటి రెండు నిమిషములలో, కన్వర్టరు వేడెక్కకమునుపే, నగరపు కారు తన మాలిన్యములో అధికభాగమును వదలును. కన్వర్టరే లేనిచో ఆ రెండు నిమిషములు ప్రయాణమంతయు సాగును. కాలుతీసినప్పుడెల్ల తుపాకి పేలినట్లు శబ్దము రావలెనని కంప్యూటరును మార్పించుకొనువారున్నారు. నిప్పురవ్వను మరీ ఆలస్యము చేసి పెట్రోలును గొట్టములో మండించుట తప్ప అందులో వేరు విద్య యేదియు లేదు. దానివలన కన్వర్టరు దిమ్మె కరగును, టర్బో చక్రము చెడును, అర్ధరాత్రి పసిబిడ్డలు ఉలికిపడి లేతురు. మోటారు వాహనముల చట్టపు 190వ సెక్షను ఇట్టివారికి 10,000 రూపాయల వరకు జరిమానా విధించుచున్నది. అది చాలదని నా యభిప్రాయము.

కాని కన్వర్టరు నుంచుకొనియే తెరపిగల డౌన్‌పైపు వేయించుకొనగోరువాని మాట యేమి? చదరపు అంగుళమునకు 400, 600 రంధ్రములు గల కంపెనీ దిమ్మెకు బదులు 200 రంధ్రముల లోహపు దిమ్మె గల కన్వర్టరులు లోకమున దొరకుచున్నవి. వానిలో పొగకు తెరపి హెచ్చు. శుద్ధిచేయు ఉపరితలము తక్కువ. ఎక్కువ మేలో, ఎక్కువ కీడో కొలిచినగాని తెలియదు. మన చట్టపు 52వ సెక్షను నిర్మాత నిర్దేశించిన వివరములకు భిన్నముగా బండిని మార్పరాదనుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానిని దృఢపరచినది. నిషేధమున్నదే గాని, కొలిచి చూచి మంచిదానిని అనుమతించు మార్గము సామాన్యునకు అందుబాటులో లేదు. కాలిఫోర్నియా మనకంటె కఠినమైనది. అచ్చట స్మాగ్ చెక్ చేయు ఉద్యోగి బోనెటు తెరచి భాగములను కంటితో పరీక్షించును. అయినను అచ్చటి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు పరీక్షించి, మాలిన్యము పెరుగదని నిర్ధారించిన భాగమునకు ఎగ్జిక్యూటివ్ ఆర్డరు సంఖ్య నొకదానిని ఇచ్చును. ఆ సంఖ్య గల భాగమును బిగించుకొన్నవాడు నేరస్థుడు కాడు.

వద్దని యొక్క మాటతో తేల్చుటకు కూర్చుండి, ఇంతదూరము వచ్చిన పిమ్మట ఆ మాట నాకే చాలుట లేదు. పూణేలోని ఏ.ఆర్.ఏ.ఐ., మానేసరులోని ఐ-క్యాట్ సంస్థలు కంపెనీల కార్లను నిత్యము పరీక్షించుచునే యున్నవి. విడిభాగములను తయారుచేయువారు తమ డౌన్‌పైపును, కన్వర్టరును అచ్చటికి తెచ్చి, ఇంజనుపై పూర్తిభారము వేసి కొలిపించుకొని, సంఖ్య పొందు ఏర్పాటు జరుగవలెను. మేనల్లునకు ఈ యుదయము ఇట్లు వ్రాసి పంపితిని: బండిని ముట్టుకొనకుము, 95 ఆక్టేను పెట్రోలునే మూడు నాలుగు ట్యాంకులు వరుసగా పోయించి, ఔటర్ రింగు రోడ్డుపై పికప్పు ఎట్లున్నదో చూచి నాకు చెప్పుము, ఎయిర్ ఫిల్టరును, ఇంటర్‌కూలరు గొట్టముల క్లిప్పులను చూపించుము, సంఖ్య గల డౌన్‌పైపు మన దేశమున వచ్చిన దినమున సగము ఖర్చు నాది.