ఊనిక ఎక్కడ పడాలి?

ఇంగ్లీషు పాఠంలో పిల్లలెవరైనా ‘సెకండ్-హ్యాండ్’ అన్న మాట చదవగానే నేను అడిగేది ఒక్కటే: దాని తర్వాత నామవాచకం ఉందా, లేదా? ఆ మాటను పలికే తీరు దాన్నిబట్టే మారుతుంది. ‘ది కార్ ఈజ్ సెకండ్-హ్యాండ్’ అన్నప్పుడు బలం ‘హ్యాండ్’ మీద. ‘ఎ సెకండ్-హ్యాండ్ కార్’ అన్నప్పుడు ఊనిక ముందుకు జరిగి ‘సె’ మీద పడుతుంది. ‘హ్యాండ్’నీ ‘కార్’నీ వెంటవెంటనే నొక్కి పలకడం ఇంగ్లీషు లయకు సరిపడదు. అందుకే ‘హ్యాండ్’ తగ్గుతుంది. వెల్-నోన్, బ్యాడ్-టెంపర్డ్, ఓల్డ్-ఫ్యాషన్డ్ నడక కూడా ఇదే.

మనం పెరిగిన లయ వేరు. మన ఛందస్సుది గురులఘువుల లెక్క. తెలుగులో మాటను ఎక్కడ నొక్కి పలికినా దాని అర్థం మారదు. ఇంగ్లీషులో అలా కాదు. ‘గ్రీన్‌హౌస్’ అని ముందు నొక్కితే మొక్కలు పెంచే అద్దాల గది. బలం ‘హౌస్’కిస్తే ఆకుపచ్చ రంగు ఇల్లు.

సిలబుల్స్ విరుపు దగ్గరా ఇలాంటి చిక్కే. ‘ఓల్డ్-ఫ్యాషన్డ్’లో ఉన్నవి మూడే. స్పెల్లింగు చివర ఈ, డీ కనిపిస్తాయి కాబట్టి మన పిల్లలు ‘ఫ్యాషనెడ్’ అని నాలుగు చేస్తారు. దానికి ముందు ట్, డ్ ధ్వని ఉంటేనే అది విడి సిలబుల్: షార్ట్-సైటెడ్, ఆబ్సెంట్-మైండెడ్. ‘బ్లూ-ఐడ్’లో రెండే. ‘త్రీ-లెగ్డ్ రేస్’ ఉంది చూశారూ, అది ఈ సూత్రానికి పూర్తిగా లొంగదు. ముందు ఉన్నది గ్ ధ్వనే అయినా ‘లెగిడ్’ అని రెండుగా పలకడం అక్కడ మామూలే. స్కూలు ఆటల పోటీల్లో పిల్లలు ఎంతో ఇష్టంగా పరిగెత్తే పరుగు అది. ఆ పేరును సరిగ్గా పలకడం కూడా వాళ్లకు నేర్పాలి.

మళ్లీ ఊనిక దగ్గరికి వస్తే, అక్కడా సూత్రం ఒక్కటే సరిపోదు. హోమ్‌సిక్, వాటర్‌ప్రూఫ్ వాక్యంలో ఎక్కడున్నా బలం మొదటి భాగం మీదే. డ్యూటీ-ఫ్రీ మాత్రం సెకండ్-హ్యాండ్ దారిలో పోతుంది. ఏది ఏ దారో డిక్షనరీయే చెప్పాలి. జాన్ వెల్స్ కూర్చిన లాంగ్‌మన్ ఉచ్చారణ నిఘంటువు 1990లో వచ్చింది. అందులో సిలబుల్‌కు ముందు పైన నిలువు గీత ఉంటే ప్రధాన ఊనిక, కింద ఉంటే రెండో ఊనిక. ఊనిక జరిగే మాటల చివర చిన్న త్రికోణం గుర్తు.

ఇంగ్లీషు చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు నా మనవి ఒక్కటే. బోర్డు మీద ఇలాంటి మాట రాసేటప్పుడు ఆ గీత కూడా పెట్టండి. నామవాచకం ముందు ఒకసారి, వాక్యం చివర ఒకసారి పిల్లల చేత గట్టిగా చదివించండి.