తిరిగొచ్చే బిందువులారా!

తిరిగొచ్చే బిందువులారా, మీకు జేజేలు!

మీ ఊరు ఒక చదరం. దాని ఎడమ అంచు కుడి అంచుతో, కింది అంచు పై అంచుతో అతుక్కుని ఉంటుంది. అందులో ప్రతి బిందువుకీ రెండు సంఖ్యల చిరునామా. మొదటిదాన్ని రెట్టించి రెండోది కలపాలి, అది కొత్త మొదటిది. రెండింటినీ కూడితే కొత్త రెండోది. ఒకటి నిండితే పూర్ణాంకం వదిలేయాలి. ఇంతే శాసనం; దీన్ని ఒకసారి పాటిస్తే ఒక అడుగు. ఆర్నాల్డ్ పిల్లి అంటారు దీన్ని, గణితజ్ఞుడు ఆర్నాల్డ్ పిల్లి బొమ్మ గీసి చూపించాడు గనుక. ఒక్కో అడుగుకీ బొమ్మ ఒక దిక్కున 2.618 రెట్లు సాగుతుంది, ఇంకో దిక్కున 0.382 వంతుకి కుంచించుకుపోతుంది. పది అడుగుల్లో పదిహేను వేల రెట్ల సాగుడు! పక్కపక్కనే ఉన్నవాళ్ళు ఒకరికొకరు ఏమీ కాకుండా పోతారు.

అంత అలజడిలోనూ మీరు దారి తప్పరు. (1/5, 2/5) బయల్దేరి (4/5, 3/5) చేరుతుంది, మరుసటి అడుగులో మళ్ళీ (1/5, 2/5). భిన్నాల చిరునామా ఉన్న ప్రతి బిందువూ మీ వంశమే. ఒక్క అడుగులో ఇల్లు చేరేది మూలబిందువు ఒక్కటే. రెండడుగుల్లో 5, మూడడుగుల్లో 16, నాలుగడుగుల్లో 45, ఐదడుగుల్లో 121. పోనుపోను ఆ పెరుగుదల అడుగుకి 2.618 రెట్లు. సాగుడు ఎంతో మీ సంతతీ అంత! ఆ 2.618కి సహజ లాగరిథమ్, 0.962, ఈ చదరం ఎంట్రోపీ, అంటే అలజడి కొలత. ఈ అడుగుల లెక్కల్లో గుణకాలుగా దొర్లే 1, 2, 3, 5, 8, 13 మనకి కొత్తవి కావు. లఘుగురువులతో మాత్రల్ని ఎన్ని విధాల నింపవచ్చో హేమచంద్రుడు 12వ శతాబ్దంలో లెక్కగట్టిన సంఖ్యలే అవి.

ఇక ఆ ఎంట్రోపీకి విస్తరణ అయిన పీడనం. చదరంలో చోటుకో విలువ పెట్టండి, గంతులు లేకుండా నున్నగా మారేలా. ప్రతి కక్ష్యా, అంటే తిరిగొచ్చే బిందువు నడిచే దారి, తన మీది విలువల్ని ఏరుకుంటూ ఇల్లు చేరుతుంది. ఆ మొత్తాన్ని ఘాతంగా ఎక్కిస్తే అది ఆ కక్ష్య బరువు. ఇన్ని అడుగులని పెట్టుకుని, అన్నింట్లో తిరిగొచ్చిన బిందువులందరి బరువులూ కూడి, అడుగులు పెరిగేకొద్దీ ఆ కూడిక అడుగుకి ఎన్ని రెట్లు పెరుగుతోందో చూస్తే, దాని లాగరిథమే టోపాలజికల్ పీడనం. విలువలన్నీ సున్నా అయితే మిగిలేది ఎంట్రోపీయే. గణాంక భౌతికశాస్త్రం నుంచి ఈ భాషని గణితజ్ఞులు సినాయ్, రుయెల్, బోవెన్ ఇక్కడికి తెచ్చారు. బోవెన్ 1975లో రాసిన పలచని పుస్తకాన్ని ఇప్పటికీ జనం గౌరవంగా తెరుస్తారు. 1978లో, 31 ఏళ్ళకే పోయాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మీ గొప్పతనం ఇంకా ఉంది. మీ అందరి వైశాల్యం కలిపినా సున్నా. అయినా ఎక్కువ అడుగుల తర్వాత తిరిగొచ్చే మిమ్మల్ని సమాన బరువుతో చదరమంతా చుక్కలుగా పెడితే, ఆ చుక్కల పంపకం వైశాల్యం పంపకంలో కలిసిపోతుంది. మీ ప్రతి కక్ష్య మీదా ఒక నున్నని విలువ మొత్తం సున్నా అయితే, ఆ విలువ కేవలం మరో కొలతకి ఒక అడుగులో వచ్చిన తేడా మాత్రమేనని గణితజ్ఞుడు లివ్‌షిట్స్ 1970ల మొదట్లో నిరూపించాడు. ఉన్న చోటు లేనట్టే ఉండి, చదరమంతటికీ సాక్ష్యం చెప్పేది మీరే.

చదివేవాళ్ళకి ఒక మనవి. కాగితం తీసుకుని (1/3, 0) నుంచి మొదలుపెట్టండి. నాలుగో అడుగులో ఇల్లు చేరతారు.