అంచు గీశాకే బొమ్మ: సవర గోడ, కోట్‌పాడ్ మగ్గం నేర్పే పేజీ విద్య

ఒడిశాలోని రాయగడ జిల్లాలో గునుపురం దాటి పుట్టాసింగి కొండలెక్కితే లాంజియా సవరల ఊళ్లు. అక్కడ ఇంటి లోపలి గోడను ఎర్రమట్టితో అలికి, దాని మీద ఇడితాల్ అనే బొమ్మ వేస్తారు. రంగు బియ్యప్పిండి కలిపిన నీళ్లు. కుంచె కొస చితగ్గొట్టిన వెదురుపుల్ల. గోడ మీద ముందుగా చుట్టూ అంచు పడుతుంది. నాలుగు వైపులా అది కుదిరాకే చిత్రకారుడు లోపలికి వస్తాడు. త్రికోణాల ఒంటితో మనుషులు, ఏనుగులు, గుర్రాలు, చెట్లు, సూర్యచంద్రులు ఒక్కొక్కటిగా చోటు చేసుకుంటాయి.

పత్రిక పేజీ కట్టడం నేర్చుకునే విద్యార్థికి మొదటి పాఠం ఇదే. కాగితం సైజు, మార్జిన్లు, కాలమ్‌లు, కాలమ్‌ల మధ్య ఖాళీ తేల్చుకున్నాకే ఫొటో ముట్టుకోవాలి. కంప్యూటర్ ముందు కూర్చోగానే చెయ్యి ఫొటో మీదికే పోతుంది, అదే చిక్కు. ముందు ఫొటో పెట్టి, మిగిలిన చోట అక్షరాలు ఇరికిస్తే పేజీ సంతలా ఉంటుంది. పెద్ద ఇడితాళ్లలో అడ్డగీతలతో అరలు చేసి, ఒక అరలో ఊరేగింపు, ఇంకో అరలో వేట, మరో అరలో నాట్యం వేస్తారు. అందుకే అంత కిక్కిరిసిన గోడ మీద కూడా కన్ను దారి తప్పదు.

ఈ బొమ్మలు అలంకారానికి పుట్టినవి కావు. చనిపోయినవారిని తలుచుకోవడానికి, జబ్బు పోవడానికి, పంట బాగుండడానికి వేసేవి. వెరియర్ ఎల్విన్ 1951లో అచ్చయిన ‘ద ట్రైబల్ ఆర్ట్ ఆఫ్ మిడిల్ ఇండియా’లో వీటి గురించి వివరంగా రాశారు. బొమ్మ పూర్తయ్యాక పూజారి ఆ దేవతనో, పితరుణ్నో పిలిచి చూపిస్తాడు. లోటు ఉందని తేలితే చిత్రకారుడు మళ్లీ కుంచె పట్టాల్సిందే. వేసినవాడి కంటికి నచ్చితే చాలదు, ఎవరి కోసం వేశారో వాళ్లు ఒప్పుకోవాలి. అచ్చుకు పంపే ముందు ప్రూఫు ఎందుకు చూపించాలో దీనికంటే సూటిగా చెప్పే పాఠ్యపుస్తకం లేదు.

రంగు సంగతికి పక్క జిల్లాకు, కొరాపుట్‌కు పోవాలి. కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతగాళ్లు తొగరు జాతికి చెందిన ఆల్ చెట్టు వేరు నుంచి రంగు తీస్తారు. దానితో ముదురు ఎరుపు వస్తుంది, అన్నభేది కలిపితే నలుపు. మూడోది నూలు సహజ రంగు. ఆ మూడింటితోనే కొంగు మీద పీత, శంఖం, చేప, గొడ్డలి దిగుతాయి. ఈ నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆఫ్‌సెట్ అచ్చులో ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు కావాలి, నాలుగు రంగులంటే నాలుగు ప్లేట్లు. డబ్బు లేని కాలేజీ పత్రికకు నలుపుతో పాటు ఇంకొక్క రంగు సిరా చాలు. కాగితం తెలుపును కూడా మూడో రంగుగా వాడుకోవడం ఆ చీరలను చూస్తే వస్తుంది.

ఇక అక్షరాలు. పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి ఆ భాషలో పుస్తకాలు రాసి సొంత డబ్బుతో అచ్చు వేయించారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడిని కలుపుకుని ఒడిశా వేరు రాష్ట్రమైంది. గిడుగు ఆ ఏడే పర్లాకిమిడి వదిలి రాజమండ్రి చేరారు. ఆ జూన్ 18న మంగెయి గొమాంగో సవరలకు సొంత లిపి ప్రకటించారు. అదే సొర సొంపెంగ్, 24 అక్షరాలు.

పేజీ కట్టేవారికి తెలుగు, సొర లిపుల తేడా తెలియాలి. సొర సొంపెంగ్‌లో వత్తులు లేవు, అచ్చులకు విడి అక్షరాలే, అన్నీ ఒకే వరుసలో నిలబడతాయి. తెలుగులో ‘రాష్ట్రం’ అని కొడితే ట వత్తు, ర వత్తు కిందికి దిగుతాయి. కింది వరుసలో దీర్ఘమో గుడో వాటికి ఎదురొస్తుంది. అందుకే సీసపు అక్షరాల రోజుల్లో కంపోజిటర్లు వరుసల మధ్య సీసపు రేకులు పెట్టేవారు. ఇప్పుడైనా పది పాయింట్ల తెలుగుకు పద్నాలుగు, పదిహేను పాయింట్ల లీడింగ్ (వరుస నుంచి వరుసకు దూరం) ఇవ్వనిదే పేజీకి ఊపిరాడదు. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే యూనికోడ్ వత్తులు విడిపోతాయి కూడా.

సొర సొంపెంగ్ 2012లో యూనికోడ్‌లో చేరింది, నోటో ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. కాబట్టి గునుపురం కాలేజీ విద్యార్థి పక్కపక్క కాలమ్‌లలో తెలుగు, సొర వేయగలడు. లీడింగ్ మాత్రం తెలుగును బట్టే పెట్టాలి. సొర వైపు వరుసలు వదులుగా తేలితే అక్షరం కాస్త పెంచుకోవచ్చు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకమైతే పేజీలు నాలుగు లెక్కన ఉండాలి. కాబట్టి ముందు నాలుగు పేజీల నమూనా ప్రింటు తీసి, ఆ లిపి చదవగల సవర పెద్దల చేతికిచ్చి, వాళ్లు తప్పు పట్టినవన్నీ దిద్దాకే ప్లేట్లకు పంపాలి.