బస్తా మోసే పనితనం

బస్తా మోయడానికి నైపుణ్యం అక్కర్లేదు, ఒంట్లో బలముంటే చాలంటారు. కండరం ఎలా పనిచేస్తుందో చూస్తే ఆ మాట నిలవదు. కండరం లాగగలదే గాని తోయలేదు. ఒకటి ముడుచుకుంటే దాని ఎదుటిది అదనుగా సడలాలి. లోపల ఆక్టిన్, మయోసిన్ తంతువులు ఒకదాని పక్కనుంచి ఒకటి జారడమే ఆ ముడుచుకోవడం, 1954లో తేలిన సంగతి ఇది. ఏ క్షణాన ఎన్ని పోగులు పనిలోకి దిగాలో చెప్పేది మాత్రం నరాలు. బరువులెత్తడం మొదలుపెట్టిన తొలి వారాల్లో పెరిగే బలం చాలావరకు కండ పెరిగి వచ్చింది కాదు, నరాలు నేర్చుకున్నది. హమాలీ బస్తాను వెన్నుకు ఆనించి ఉంచేదీ ఊరికే కాదు: బరువు ఒంటికి దూరమైన కొద్దీ నడుం కండరాల మీద భారం ఎన్నో రెట్లు పెరుగుతుంది. దించడంలోనూ పనితనం ఉంది. అప్పుడు తొడ కండరం సాగుతూనే బరువును ఆపాలి. మర్నాటి ఒళ్లునొప్పులు ఎక్కువగా ఈ సాగుడువల్లే.

శరీరశాస్త్రం చదవనివాడిది నైపుణ్యమెలా అవుతుందంటారా? ఈతనూ ఎవరూ చదివి నేర్చుకోరు. వెన్ను అరగదీసే పనిని పొగడవచ్చా అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనది. నేను మెచ్చేది పనితనాన్ని, బరువును కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే మగవాళ్ల మోతకు 55 కిలోల హద్దు సిఫారసు చేసింది. ఆంధ్రలో ధాన్యం బస్తా అంటే 75 కిలోల లెక్క. ఆ లెక్క తగ్గాలి, కూలి పెరగాలి.