సంగటి కట్టె పనితనం

విశాఖ బీచ్ రోడ్డులో పెద్ద హోటల్‌కు వెళ్తే మెనూ కార్డు మీద 'ఏషియన్ ఫ్యూజన్' అనే మాట కనబడొచ్చు. నాలుగు దేశాల రుచులు ఒకే పళ్లెంలో అన్నమాట. కొన్ని బాగానే ఉంటాయి కూడా. అయితే సముద్రం ఛాయలే లేని కడప పల్లెల్లో ఇంతకన్నా పెద్ద కలయిక రోజూ పొయ్యి మీద ఉడుకుతోంది. సంగటిలోని రాగులు వేల ఏళ్ల కిందట తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన పంట. ఊరిబిండి పచ్చడిలోని చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు అమెరికా ఖండాలవి. 1498 తర్వాత యూరప్ ఓడల రాకపోకలు మొదలయ్యాకే మన నేల చూశాయి. నాటుకోడి పులుసులో వేసే లవంగం పుట్టిల్లు ఇండోనేషియాలోని మలుకు దీవులు. ఇన్ని దూరాల సరుకును మన సొంతం చేసింది మాత్రం వండేవాళ్ల చెయ్యి.

ఆ చెయ్యి పని చూడాలంటే సంగటి దగ్గరే నిలబడాలి. ముందు ఎసరు మరగాలి. అందులో బియ్యమో నూకో వేసి, మెతుకు పూర్తిగా మెత్తబడేదాకా ఉడికిస్తారు. ఈ మెతుకే తర్వాత పిండిని పట్టి ఉంచుతుంది. ఉప్పు వేశాక రాగిపిండిని మధ్యలో కుప్పగా పోస్తారు. కలపరు! కొత్తవాళ్లు చెడగొట్టేది ఇక్కడే. పొడిపిండిని వెంటనే తిప్పితే పైపొర తడిసి బిగుస్తుంది, లోపల పొడి అలాగే మిగులుతుంది. అదే ఉండ. తెలిసినవాళ్లు కట్టెతో కుప్ప నడుమ గుంత చేసి, మూత పెట్టి, మంట తగ్గిస్తారు. గుంతలోంచి నీళ్లు పైకి పొంగి, ఆవిరి పిండిలోకి పాకుతుంది. అంతసేపూ చెయ్యి ఊరుకోవాలి. వంటలో ఊరుకోవడం కూడా ఒక పనే.

తర్వాత గిన్నె దించి, మసిగుడ్డలతో కదలకుండా పట్టుకుని, సంగటి కట్టెతో కెలుకుతారు. ఇది మణికట్టుతో అయ్యే పని కాదు, భుజం దిగాలి. ఉండను గిన్నె అంచుకేసి అదిమి చితక్కొట్టి, మళ్లీ మధ్యకు లాగుతారు. నీళ్లు తక్కువైతే పగులుతుంది, ఎక్కువైతే జారుతుంది. కొలత గ్లాసు ఉన్నా చివరి మాట చేతిదే: తడిచేత్తో తాకితే అంటుకోకూడదు. వేడి మీదే తడి గిన్నెలో వేసి గుండ్రంగా దొర్లిస్తే నున్నటి ముద్ద తయారు. చల్లారాక ఆ నునుపు రాదు.

కర్నూలు వైపు నల్లరేగడిలో పెత్తనం జొన్నరొట్టెది. సాగే గుణం లేని పిండిని వేడినీళ్లతో కలిపి, అంచు చీలకుండా అరచేత్తో తట్టడం మరో విద్య. దానికి వేరే వ్యాసం కావాలి.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక పట్నాల్లో రాగులకు మర్యాద పెరిగింది. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందని ఇప్పుడు అందరూ చెబుతున్నారు. మంచిదే. కానీ సంగటిని మందులా తినేవాళ్లను చూస్తే నాకు జాలి. హైదరాబాద్ ఏసీ హోటళ్లలో రాగి సంగటి, నాటుకోడి పులుసు కలిపి ఇస్తున్నారు. పులుసు చాలాచోట్ల బాగుంటుంది. సంగటే, పొద్దున చేసి డబ్బాలో ఉంచితే పైన తోలు కట్టి, లోపల బిరుసెక్కుతుంది. అంత ఖరీదు పెట్టి తినేది అది కాదు.

కాబట్టి ఈసారి ఆర్డరిచ్చే ముందు సంగటి ఎప్పుడు కెలికారో అడగండి. వేడిగా వస్తే బొటనవేలితో గుంత చేసి నెయ్యి వేసుకోండి, చిన్న తునక తుంచి పులుసులో ముంచి మింగండి. నమలొద్దు, పళ్లకు అంటుకుంటుంది.