ఏడుస్తూ చెప్పే కథ

చావు జరిగిన ఇంటికి వచ్చే ఆడబిడ్డ ఆటో దిగీ దిగగానే వీధి మొదట్లోనే గొంతెత్తుతుంది. అప్పటిదాకా కాస్త సద్దుమణిగిన ఇల్లు ఆ గొంతు వినగానే మళ్లీ ఘొల్లుమంటుంది. లోపలి ఆడవాళ్లు ఎదురొచ్చి ఆమె మెడ పట్టుకుంటారు. ఇక కథ మొదటికొస్తుంది. రాత్రి ఎప్పుడు పడుకున్నాడు, ఏం తిన్నాడు, ఎవరిని తలుచుకున్నాడు. పొద్దున్నుంచి వచ్చినవాళ్లందరికీ చెప్పిందే, కానీ వచ్చిన మనిషిని బట్టి మారుతుంది. పక్కింటావిడకు చెప్పేటప్పుడు లేని మాట ఆడబిడ్డకు చెప్పేటప్పుడు పుట్టుకొస్తుంది. తెలంగాణ పల్లెల్లో దీన్ని శోకం పెట్టడం అంటారు. రాగాలు తీసి ఏడవడం అని ఇంకొన్ని చోట్ల అంటారు. చదువుకున్నవాళ్లు చాలామంది దీన్ని మొరటుతనమని చిన్నచూపు చూస్తారు, కొందరు నటన అని కొట్టిపారేస్తారు. కథలు రాసుకునే మనిషిగా నాకు మాత్రం తెలుగులో ఉన్న గట్టి కథన విద్యల్లో ఇదొకటి. దుఃఖాన్ని ఎలా చెప్పాలో పుస్తకాల కంటే ముందు నాకు నేర్పింది ఇదే.

దీని కట్టుబాటు చూడండి. శోకంలో ఒక్కో చరణం ఒక్క ఊపిరంత. చివర పిలుపు వస్తుంది: ఓ కొడుకా, ఓ నాయినా, ఓ నా తల్లీ. ఆ పిలుపును సాగదీసినంతసేపూ లోపల తర్వాతి చరణం తయారవుతూ ఉంటుంది. బుర్రకథలో వంతలు తందాన అందుకున్నప్పుడు కథకుడికి దొరికే వ్యవధి ఎలాంటిదో ఇదీ అలాంటిదే, కాకపోతే ఇక్కడ కథకురాలే తనకు తాను వంత. ముందే కట్టి పెట్టుకున్న పాట కాదు కాబట్టి ప్రతి శోకమూ ఆ చనిపోయిన మనిషికే చెందుతుంది. పిలుపులూ, రాగమూ ఊరందరివి. మధ్యలో వచ్చే సంగతులు ఆ ఇంటివి.

ఇంకొకటి, చనిపోయిన మనిషి గురించి చెప్పరు, చనిపోయిన మనిషితోనే చెబుతారు. పాడె లేచేదాకా అతను ‘నువ్వు’. దారిలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, దగ్గరివాళ్లు చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. పలుకుతాడేమోనన్న ఆశకు ఆచారం ఇచ్చిన చివరి చోటు అది. ఆ తర్వాతే మాటల్లో అతను ‘ఆయన’ అవుతాడు. మనిషి పోయాడన్న సంగతి వైద్యుడు చెప్పినప్పుడు మనసుకు ఎక్కదనీ, భాషలో మెల్లగా, మెట్టు మెట్టుగా దిగాల్సిందేననీ ఈ ఏర్పాటు చేసినవాళ్లకు బాగా తెలుసు.

మా నాన్న పోయిన రోజు మా మేనత్త పెట్టిన శోకం నాకు చాలావరకు గుర్తుంది. మొదట ఇలా ఎత్తుకుంది: “మోటరు బందు జెయ్యకనే వస్తివా తమ్మీ... మడి నిండి పొర్లుతున్నది, లేచి పోవా తమ్మీ...” నాన్న మంచివాడనీ, కష్టపడ్డాడనీ ఆమె ఒక్కసారి కూడా అనలేదు. మోటరు, మడి అంది, అంతే. ఆ మాటకు వాకిట్లో నిలబడ్డ రైతులు తలలు వంచుకున్నారు. తర్వాత తన సంగతికి వచ్చింది. “బతుకమ్మ పండుగకు నన్నెవరు తోల్కపోతరు తమ్మీ... వాకిట్ల నీ సైకిలు బెల్లు ఇంకెవరు గొడతరు తమ్మీ...” తమ్ముడు పోతే ఆడదానికి పుట్టింటి దారి ఎలా మూసుకుపోతుందో అందులో మొత్తం ఉంది. ఆ పైన మరొకటి అంది. “నాయిన నాకు రెండెకరాలన్న మాట నువ్వొక్కనివే వింటివి తమ్మీ... నువ్వు గూడ పోతే నాకు సాక్ష్యమెవరు తమ్మీ...”

ఆ మూడో మాట మామూలు రోజున అని ఉంటే ఇంట్లో పెద్ద గొడవే అయ్యేది. ఆ రోజు ఎవరూ నోరు మెదపలేదు. శోకం పెట్టే ఆడమనిషి మాటకు అడ్డు తగలకూడదన్నది ఊరి మర్యాద. అత్తగారు పెట్టిన కష్టాలు, పంపకాల్లో జరిగిన అన్యాయం, మొగుడి తాగుడు, ఏళ్ల తరబడి మింగిన మాటలన్నీ ఆ కాసేపట్లో బయటికొస్తాయి. శోకం చనిపోయినవాళ్ల కోసమే అనుకుంటాం గానీ, బతికున్న ఆడవాళ్లకు నలుగురి ముందు నోరు విప్పే హక్కు దొరికే చోటు కూడా అదే. మధ్యలో మేనత్త ఆగి, నీళ్లు తాగి, గొడ్లకు మేత వేశారా అని మా అమ్మను అడిగింది. వేశామనగానే మళ్లీ అదే స్థాయిలో అందుకుంది. ఇది చూసే నటన అంటారు. నాకైతే అందులో కనిపించింది పట్టు. దుఃఖంలో మునిగిపోయినవాళ్లకు మాట రాదు. మాట చెప్పాలంటే ఒక కాలు గట్టు మీద ఉండాలి.

ఈ విద్య కావ్యాల్లోకి ఎప్పుడో ఎక్కింది. భారతంలో స్త్రీపర్వం మొత్తం ఒక పెద్ద శోకం. యుద్ధం అయిపోయింది, పద్దెనిమిది రోజుల శవాలు పడి ఉన్నాయి, గాంధారి కృష్ణుడికి ఒక్కొక్కరినీ చూపిస్తూ చెబుతుంది. తిక్కన తెలుగులో దాన్ని చదివినప్పుడల్లా నన్ను ఆపేసేవి పెద్ద పెద్ద ఉపమానాలు కావు, చిన్న చిన్న సంగతులు. ఉత్తర అభిమన్యుడి కవచం విప్పి గాయాలు చూస్తుంది. కలిసి బతికింది ఆరు నెలలేనని ఆమె లెక్క చెబుతుందని వ్యాసుడు రాశాడు. దుస్సల భర్త సైంధవుడి తల కనబడక అటూ ఇటూ పరుగెత్తుతుంది. భూరిశ్రవుడి భార్య తెగిపడిన చేతిని ఒడిలో పెట్టుకుని, ఈ చెయ్యి ఏమేం చేసిందో చెప్పుకుంటుంది: దానాలు ఇచ్చిన చెయ్యి, శత్రువులను చంపిన చెయ్యి, తన నడుము మీది మొలనూలును సడలించిన చెయ్యి. అలంకారికులైన ఆనందవర్ధనుడూ మమ్మటుడూ ఈ చివరి మాటనే ఎత్తి చూపారు. శృంగారం జ్ఞాపకంగా వస్తే కరుణను చెడగొట్టదు, ఇంకా లోతు చేస్తుందన్నారు. మా ఊరి ఆడవాళ్లకు ఆ అలంకారశాస్త్రం తెలియకపోయినా ఆ సూత్రం తెలుసు. భర్త పోయిన మనిషి శోకంలో సంతలో కొనిచ్చిన గాజుల సంగతి తప్పకుండా వస్తుంది. గాంధారి కూడా చివరికి ఏడుపుతో ఆగదు. కృష్ణుడిని నిలబెట్టి అడుగుతుంది, శపిస్తుంది. నిందించే హక్కు ఆమెకూ శోకమే ఇచ్చింది.

శోకం పెట్టడానికి మనిషికి వినేవాళ్లు కావాలి. వాళ్లు దొరకని చోట ఏమవుతుందో రష్యన్ రచయిత చెహోవ్ 1886లో రాసిన బండివాడి కథలో ఉంది. పీటర్స్‌బర్గ్ మంచులో గుర్రబ్బండి తోలే అయోనా కొడుకు ఆ వారమే చనిపోయాడు. ఎక్కిన ప్రతివాడికీ చెప్పుకోబోతాడు, ఎవరూ వినరు. కొడుక్కి జబ్బు ఎలా మొదలైందో, పోయేముందు ఏమన్నాడో, బట్టలు తెచ్చుకోవడానికి ఆస్పత్రికి ఎలా వెళ్లాడో అన్నీ వరసగా చెప్పాలని అతని కోరిక. వినేవాడు అయ్యో అనాలి, ఆడవాళ్లయితే ఇంకా మేలు, రెండు మాటలకే ఏడుస్తారు అనుకుంటాడు. చివరికి తన గుర్రానికే చెప్పుకుంటాడు. మా వీధిలో ఏ ఆడమనిషికైనా అడగకుండానే దొరికేదాన్ని ఆ మహానగరంలో అయోనా ఆ సాయంత్రమంతా వెతికాడు. ఇదే చెహోవ్ 1892లో లిడియా అవిలోవా అనే రచయిత్రికి రాసిన ఉత్తరంలో, దుఃఖితుల గురించి రాసేటప్పుడు చల్లగా ఉండమని సలహా ఇచ్చాడు, ఆ చల్లదనం మీదే వాళ్ల బాధ స్పష్టంగా కనబడుతుందని. కాళీపట్నం రామారావు ‘చావు’ కథలోనూ ఇదే నిగ్రహం. ముసలామె పోయింది, కాల్చడానికి కట్టెల్లేవు. కథ అంతా ఆ కట్టెల చుట్టూ తిరుగుతుంది. బాధ అన్న మాట పైకి రాకుండానే పేదరికంలో చావు ఎంత బరువో మనకు తెలిసిపోతుంది.

నాన్న పోయాక చాలాకాలం నేను కథ రాయలేదు. రాయలేక కాదు, రాయడం ఇష్టం లేక. మేనత్తకు ఆ రోజు ఊరు హక్కు ఇచ్చింది. నాకు ఎవరిచ్చారు? నాన్న దగ్గును, ఆయన చివరి రోజుల అవస్థను ముక్కూమొహం తెలియని పాఠకుడి ముందు పెట్టడానికి నేనెవర్ని అన్న ప్రశ్న ఇప్పటికీ నాకు పూర్తిగా తేలలేదు. తేలకూడదేమో కూడా. అది తేలిగ్గా తేలిపోయిన రచయితల కథల్లో చనిపోయినవాళ్లు సరుకైపోవడం చూశాను. నేను పెట్టుకున్న హద్దు ఒకటుంది. చనిపోయిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే ఆయనతో అనలేని వాక్యం కథలో ఉండకూడదు. మేనత్త శోకంలో ప్రతి చరణం ఆ పరీక్షకు నిలుస్తుంది, ఎందుకంటే ఆయన నిజంగానే ఎదురుగా పడుకుని ఉన్నాడు. ఆ హద్దు పెట్టుకున్నాక విశేషణాలు వాటంతటవే రాలిపోయాయి. మిగిలినవి సైకిలు, మడి, సగం అల్లి వదిలేసిన తడిక.

పల్లెల్లో ఈ శోకాలు ఇప్పుడు పలచబడ్డాయి. అమెరికా నుంచి కొడుకు రావాలంటే రెండు మూడు రోజులు ఆగాలి, ఫ్రీజర్ బాక్స్ వస్తుంది. అద్దం వెనకాల ఉన్న మనిషిని ముట్టుకోవడానికి లేదు, చెయ్యి పట్టుకుని ‘ఈ చేతితో’ అనడానికి లేదు. రోజుల తరబడి అదే స్థాయిలో ఎవరూ ఏడవలేరు. రాలేని పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో గదిలో కూర్చుని వీడియో కాల్‌లో పాడె లేవడం చూస్తారు. వాళ్ల మెడ పట్టుకునేవాళ్లు లేరు, వాళ్ల గొంతు వినగానే మళ్లీ మొదలయ్యే కథా లేదు. నాకు తెలిసిన పరాయిదేశపు తెలుగు దుఃఖాల్లో ఇది అన్నిటికంటే బరువైంది. మన కథల్లోకి ఇంకా సరిగా రానిదీ ఇదే.

పలచబడుతున్న వీటిని దాచుకోవడం తేలిక కాదు. జోలపాటలు, పెళ్లిపాటలు, నాట్ల పాటలు సేకరించడం ఒక ఎత్తు, శోకాలు సేకరించడం ఒక ఎత్తు. చావు లేని ఇంట్లో శోకం పెట్టమంటే ఏ తల్లీ పెట్టదు, అశుభం అంటుంది. ఆమె చెప్పేది సరైనదే. చావు జరిగిన ఇంట్లోకి టేపు రికార్డరు పట్టుకుని బయటివాళ్లు పోలేరు, పోకూడదు. అందుకని ఈ పని ఆ ఇంటివాళ్లే చెయ్యాలి. పిట్టకు (కాకికి) ముద్ద పెట్టిన రోజు నుంచి పెద్దకర్మ దాకా ఇంట్లో చుట్టాలుంటారు, ఎవరేమని ఏడ్చారో మాట్లాడుకుంటూనే ఉంటారు. ఆ మాటలు ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టమని నేను ఆడపిల్లలను అడుగుతున్నాను. ఎవరు ముందొచ్చారు, ఏమని పిలిచారు, ఏ వస్తువు పేరు ఎత్తారు, ఎవరిని నిందించారు, ఏ మాట దగ్గర గొంతు ఆగింది.