‘వార్’ అంతమందుగల ఇంటిపేర్లు

వైనగంగా వార్ధా నదులు కలిసి ప్రాణహితయగు తావునకు చేరువ ఆష్టి. ప్రాణహిత గోదావరిలో కలియు తావున సిరొంచ. ఈ సీమయందును, చంద్రపుర నాందేడు ప్రాంతములందును మామిడ్వార్, చింతల్వార్, కొండావార్, కోటగిర్వార్ అను ఇంటిపేర్లు వినవచ్చును. దేవనాగరిలో చూచినంతనే ఇవి మరాఠీ నామములని తోచుట సహజము.

కాని మరాఠీలో ఊరిపేరునకు ‘కర్’ చేర్చుట వాడుక. ఈ ‘వార్’ మన ‘వారు’ శబ్దమే. మామిడివారు, చింతలవారు అని వంశమును గౌరవ బహువచనమున పేర్కొను పలుకుబడియే తుది ఉకారమును కోల్పోయి నిలిచినది. ఇటలీలో ‘రొస్సి’ వంటి పేర్ల తుది ఇకారమును సైతము పండితులు తరచు కుటుంబవాచక బహువచనముగనే వివరింతురు.

అయినను, ‘వార్’ కనబడిన ప్రతి నామమును తెలుగనుట దోషము. ‘పవార్’ శబ్దమును పరమార వంశనామముతో ముడిపెట్టుట ప్రసిద్ధము. అందు మన ‘వారు’ లేదు. ‘వార్’ను తొలగింపగా మిగులునది తెలుగు మాటయో, తెలుగునాటి ఊరో కావలయును. కోటగిర్వార్ అనగనే నిజామాబాదు సీమలోని కోటగిరి స్ఫురించును. అయినను ఆ కుటుంబపు వాడుకయే తుది ప్రమాణము.

1960లో మహారాష్ట్రము, 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడినవి. ఎల్లలు మారినను పేర్లు నిలిచినవి. వాని యర్థమే మరుగైనచో ఇంటిపేరు మిగిలి ఇల్లు మరచినట్లగును. పెద్దలుండగనే ప్రతి కుటుంబమును తన పేరి పూర్వరూపమును తెలుగు లిపిలో వ్రాసియుంచుకొనుట ముఖ్య కర్తవ్యము.